పెరుగుతున్న నాడీకణాన్ని కళ్లారా చూడడం: జీబ్రాఫిష్ లైవ్ ఇమేజింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌కి వచ్చినవాళ్లు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు, "మా అమ్మాయి చేప మెదడు మీద పని చేస్తోందట, అసలేం చేస్తుందండీ?" అని ఆరా తీసే తల్లిదండ్రులు ఏళ్లుగా నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కోసారి ఫోన్‌లో చెప్పాను, ఎక్కువసార్లు మైక్రోస్కోప్ గదిలో చీకట్లో నిలబడి చెప్పాను. ఇప్పుడు ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టకముందు

బతికున్న జీవిలోనే ఎందుకు చూడాలి? కోసి, రంగు వేసి చూస్తే కనపడదా?

కనపడుతుంది, చాలా అందంగా కూడా. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 1890లో కోడి పిండం వెన్నుపాము కోతల్లోనే, పెరుగుతున్న నాడీతంతువు కొసన చిన్న ఉబ్బును గుర్తించి దానికి గ్రోత్ కోన్ అని పేరు పెట్టాడు. అది కదులుతూ దారి వెతుక్కుంటుందని ఊహించాడు కూడా. కానీ ఆయన చూసినవన్నీ చలనం లేని కోతలు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి నాడీ కణజాలం ముక్క తీసి, గడ్డకట్టిన శోషరసం చుక్కలో వేలాడదీసి, తంతువు పొడవు సాగడాన్ని తొలిసారి ప్రత్యక్షంగా చూశాడు.

కోత ఒక్క క్షణాన్ని మాత్రమే చూపిస్తుంది. ఏర్పడి, పది నిమిషాల్లో చెరిగిపోయిన దానికి కోతలో ఆనవాలు ఉండదు. మెదడు పెరుగుదలలో అలాంటివే ఎక్కువ. 2004లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒకటి జీబ్రాఫిష్ పిల్లల మెదడులో ఒక్కో న్యూరాన్‌ని, అంటే నాడీకణాన్ని, పదేపదే చిత్రించి చూసింది. డెండ్రైట్, అంటే సంకేతాలు అందుకునే కొమ్మ, సన్నని పోగులను అన్ని వైపులా చాచి, చాలావాటిని వెనక్కి లాగేసుకుంటోంది. సినాప్స్, అంటే ఇంకో న్యూరాన్‌తో సంధి, కుదిరిన పోగు మాత్రం నిలబడి కొమ్మ అవుతోంది. ఎన్ని కోతలు కోసినా ఈ సంగతి తెలిసేది కాదు. మిగిలిన కొమ్మలు కనపడతాయి తప్ప, వెనక్కి పోయిన ప్రయత్నాలు కనపడవు.

ఇన్ని జంతువులుండగా జీబ్రాఫిష్షే ఎందుకు?

గుడ్డు తల్లి కడుపులో కాకుండా నీళ్లలో పెరుగుతుంది. పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన 24 గంటలకే తల, కళ్లు, వెన్నుపాము, తోక అన్నీ రూపు దిద్దుకుంటాయి. అయిదో రోజుకి ఈదుతూ వేటాడుతుంది. అంటే ఒక వెన్నెముక జీవి మెదడు పనిలోకి దిగేదాకా జరిగే కథంతా ఒక్క వారంలో చూడొచ్చు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో జత ఉందని 2013లో దాని జీనోమ్ విశ్లేషణ తేల్చింది.

ఇది మన ఉపఖండపు చేపే. గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతాల వాగుల్లో, వరిమళ్ల పక్క కాలువల్లో తిరిగే వేలెడంత ప్రాణి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి రాస్తూ దీన్ని తొలిసారి వర్ణించాడు. దీన్ని ల్యాబ్‌లోకి తెచ్చి జన్యుశాస్త్రానికి అలవాటు చేసినవాడు ఆరెగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్. ఆయన 1981 పరిశోధనాపత్రంతోనే ఈ రంగం ఊపందుకుంది. మన హైదరాబాద్ సీసీఎంబీలోనూ జీబ్రాఫిష్ మీద పని జరుగుతోంది.

మిగతా జీవులు పనికిరావని కాదు. 302 న్యూరాన్లు మాత్రమే ఉండే సీ. ఎలిగాన్స్ పురుగు ఒక్కో కణాన్ని లెక్కపెట్టడానికి సాటిలేనిది. ఎలుక మనకి దగ్గరి బంధువు, కానీ దాని పిండం గర్భంలో ఉంటుంది. పుట్టాక చూడాలంటే పుర్రెలో కిటికీ తెరవాలి. చేపకి ఆ కోత అక్కర్లేదు.

ఇది చేపకు హింస కాదా? అనుమతి తీసుకోవాలా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. అడగకుండా పనిలోకి దిగేవాళ్లని చూస్తే భయం. యూరప్ నిబంధనల్లో లార్వా (గుడ్డు నుంచి బయటికొచ్చిన చేపపిల్ల) సొంతంగా తిండి వెతుక్కునే దశ నుంచి, అంటే సుమారు 5 రోజుల వయసు నుంచి, చట్టరక్షణ మొదలవుతుంది. మన దగ్గర మొదటి రోజే మీ సంస్థ జంతు నైతిక సంఘాన్ని సంప్రదించి, ప్రయోగం వివరాలు రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు వచ్చాకే మొదలుపెట్టండి. "పిండాలే కదా" అని దాటవేయొద్దు. మత్తు ఇవ్వడం, ఉష్ణోగ్రత సరిగ్గా ఉంచడం, అవసరానికి మించి చేపలు వాడకపోవడం కాగితం మీది నియమాలు మాత్రమే కావు. బాధలో ఉన్న చేపలో నాడీకణం మామూలుగా పెరగదు. అప్పుడు మీరు తీసిన చిత్రం ఆరోగ్యమైన మెదడు గురించి అబద్ధం చెబుతుంది.

నేను బీటెక్ చేశాను, బయాలజీ రాదు. ఈ రంగంలోకి రావచ్చా?

తప్పకుండా. లైట్ షీట్ మైక్రోస్కోప్ తయారీ పూర్తిగా ఆప్టిక్స్. వచ్చిన చిత్రాల్లో కణాల్ని వెంబడించడం పూర్తిగా కోడింగ్. అయితే మొదటి రెండు నెలలు చేతులు తడవాలి. గుడ్లు ఏరడం, పిండాల వయసు గుర్తుపట్టడం రాకుండా నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంటే, తెరమీద కదిలేది కణమో చచ్చిన కణం తాలూకు చెత్తో తెలియదు.

## గుడ్లు, రంగులు

గుడ్లు ఎప్పుడు, ఎలా దొరుకుతాయి?

ముందురోజు సాయంత్రం చిన్న తొట్టిలో మగ, ఆడ చేపల్ని మధ్యలో అడ్డుపెట్టి ఉంచుతాం. పొద్దున లైట్లు వెలగగానే అడ్డు తీస్తే కాసేపట్లోనే గుడ్లు పెడతాయి. తొట్టి అడుగున జల్లెడలాంటి వల ఉంటుంది. లేకపోతే తమ గుడ్లని అవే తినేస్తాయి. కింద చేరిన గుడ్లని టీ వడగట్టుతో ఎత్తి, శుభ్రమైన నీళ్లతో కడిగి, 28.5 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఒక్కో జత నుంచి వందకు పైనే వస్తాయి. గుడ్డు అడ్డకొలత సుమారు 0.7 మిల్లీమీటర్లు, గసగసాల గింజకన్నా ఏ మాత్రం పెద్దది కాదు. డీఎన్‌ఏ ఇంజెక్ట్ చేయాలంటే మొదటి 45 నిమిషాల్లోనే చేయాలి, ఆ తర్వాత ఒక కణం రెండవుతుంది. అందుకే ఇంజెక్షన్ రోజున మా ల్యాబ్‌లో టిఫిన్ ఎవరూ వేళకి తినరు.

న్యూరాన్‌కి ఆ పచ్చ వెలుగు ఎలా వస్తుంది? డై పోస్తారా?

ఎక్కువగా డై కాదు, కణం తానే తయారు చేసుకునే ప్రోటీన్. 1962లో ఒసాము షిమొమురా ఒక జెల్లీఫిష్ నుంచి జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రోటీన్‌ని వేరుచేశాడు. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువును పట్టుకున్నాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును పురుగులోని స్పర్శ న్యూరాన్లలో పెట్టి వెలిగించాడు. ఆ తర్వాత రోజర్ చెన్ దానికి రకరకాల రంగులు తెచ్చాడు. షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకి 2008లో నోబెల్ వచ్చింది. జన్యువును పట్టి, అడిగినవాళ్లకి పంచిపెట్టిన ప్రాషర్ ఆ జాబితాలో లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

న్యూరాన్లలోనే వెలగాలంటే, న్యూరాన్లలో మాత్రమే పనిచేసే జన్యువు తాలూకు స్విచ్ ముక్కని జీఎఫ్‌పీ ముందు అతికిస్తాం. హెచ్‌యూసీ అనే జన్యువు స్విచ్ వాడితే దాదాపు కొత్త న్యూరాన్లన్నీ వెలుగుతాయి.

అన్నీ వెలిగితే ముద్దగా కనపడుతోంది. ఒక్క న్యూరాన్‌నే చూడడం ఎలా?

ఊరంతా దీపాలు పెట్టిన రాత్రి మీ ఇంటి దీపం దూరం నుంచి గుర్తుపట్టలేరు కదా, ఇదీ అంతే. సన్నని కొమ్మలు చూడాలంటే చుట్టూ చీకటి కావాలి. అందుకే డీఎన్‌ఏని ఒకే కణం దశలో కొద్దిపాటి మోతాదులో ఇంజెక్ట్ చేస్తాం. అది అన్ని కణాలకీ సమానంగా చేరదు, అక్కడొకటి ఇక్కడొకటి వెలుగుతాయి. మెడాకా చేప నుంచి తెచ్చిన టోల్2 అనే దూకే జన్యుభాగం ఆ డీఎన్‌ఏని క్రోమోజోమ్‌లో అతకడానికి తోడ్పడుతుంది. ఇంజెక్ట్ చేసిన వంద పిండాల్లో మీకు కావలసిన చోట, కావలసిన ఒక్క న్యూరాన్ వెలిగేవి కొన్నే ఉంటాయి. ఓపికగా వెతకాలి.

ఇంకో దారి, రంగు మారే ప్రోటీన్లు. కేయిడే అనేది మామూలుగా పచ్చగా ఉంటుంది, ఊదా కాంతి పడ్డచోట ఎర్రబడుతుంది. వందల పచ్చ కణాల్లో ఒక్కదాన్ని ఎర్రగా మార్చి, దాని తంతువు ఎక్కడికి పోతుందో వెంబడించొచ్చు.

నల్లమచ్చలు అడ్డొస్తున్నాయి. పీటీయూ వేయాలా?

రెండో రోజు నుంచి చర్మం మీద నల్ల కణాలు వస్తాయి. అవి కాంతిని పీల్చుకుని కింది న్యూరాన్లని కప్పేస్తాయి. పీటీయూ అనే రసాయనాన్ని 0.003 శాతం చొప్పున 24 గంటల వయసులోపే నీళ్లలో కలిపితే కొత్త నలుపు తయారవదు. ఇప్పటికే వచ్చిన నలుపుని అది చెరపదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పైగా థైరాయిడ్ మీద, కంటి పరిమాణం మీద దాని ప్రభావం ఉంది కాబట్టి కంటి నాడుల మీద పని చేసేవాళ్లు తప్పించుకోవడమే మంచిది. నేక్రే, లేదా 2008లో వచ్చిన క్యాస్పర్ లాంటి రంగులేని రకం చేపలు మీ ల్యాబ్‌లో ఉంటే అవే వాడండి. పీటీయూ మనుషులకీ విషమే, గ్లౌజులు తప్పనిసరి.

నా చేపల్లో అంతటా మసక వెలుగు వస్తోంది, ఎందుకు?

బూజు పట్టకుండా గుడ్ల నీళ్లలో కలిపే మిథిలీన్ బ్లూ తరచుగా కారణం. ఇమేజింగ్‌కి వాడే పిండాలని అది లేని నీళ్లలో పెంచండి. పచ్చసొన కూడా సహజంగానే వెలుగుతుంది, దాన్నేమీ చేయలేం, పక్కకి తిప్పి అమర్చుకోవాలి.

## చేపను అమర్చడం

మత్తు ఎంత ఇవ్వాలి?

ట్రైకేన్ అనే మత్తుమందు సుమారు 0.016 శాతం, పీహెచ్ 7కి సరిచేశాక. సరిచేయకపోతే అది ఆమ్లం, చేపకి మంట పుడుతుంది. తోకని మెల్లగా తాకితే కదలకూడదు, గుండె మాత్రం చక్కగా కొట్టుకోవాలి. గుండె నెమ్మదిస్తే మోతాదు ఎక్కువైందని అర్థం.

ఒక ముఖ్యమైన సంగతి. ట్రైకేన్ పనిచేసేదే న్యూరాన్లలోని సోడియం ద్వారాలని మూసి. న్యూరాన్ ఆకారం మాత్రమే చూసేవాళ్లకి ఫర్వాలేదు. న్యూరాన్ల సంకేతాలు, అంటే కాల్షియం మెరుపులు చూడాలనుకుంటే దాన్ని వాడకూడదు. అప్పుడు కండరాలని మాత్రమే ఆపే ఆల్ఫా బంగారోటాక్సిన్ వాడతారు. అది కట్లపాము జాతి పాముల విషంలో దొరికే పదార్థం. ఆ పాముల శాస్త్రీయ నామం బంగారస్ మన "బంగారు పాము" నుంచి పుట్టిందే. ప్రపంచంలో ఏ న్యూరోసైన్స్ ల్యాబ్‌లో ఆ సీసా ఎత్తినా దాని మీద ఒక తెలుగు మాట ఉందని గుర్తొచ్చి నాకు సంతోషం వేస్తుంది. అయితే కండరాలు ఆగినంత మాత్రాన చేపకి స్పృహ పోదు. ఆ తేడా మరిచిపోకుండా మీ నైతిక సంఘానికి స్పష్టంగా రాయండి.

అగరోజ్‌లో పెట్టగానే నా చేప అడ్డంగా తిరిగిపోతోంది. ఎలా అమర్చాలి?

ఈ పని పుస్తకంలో చదివితే రాదు, కానీ ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో చెప్పగలను.

అగరోజ్ అంటే చేపని కదలకుండా పట్టి ఉంచే జెల్లీలాంటి పదార్థం. తక్కువ వేడికే కరిగే రకాన్ని 1 శాతం చొప్పున కరిగించి, 38 నుంచి 40 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. నేను మొదటిసారి చేసినప్పుడు తొందరలో, అప్పుడే కరిగించిన అగరోజ్‌లో చేపని వేసేశాను. చూడడానికి అది బాగానే ఉంది. అరగంట తర్వాత గుండె ఆగిపోయింది, మెదడు తెల్లగా పాలిపోయింది. అప్పటినుంచి ఒక్క చుక్క మణికట్టు లోపలి వైపు వేసుకుని చూస్తాను, పసిపిల్లలకి పాలు పట్టేముందు చూసినట్టే. చురుక్కుమంటే ఆగాలి.

తర్వాత చేపని గాజు పిపెట్‌లోకి లాగి, పిపెట్‌ని నిలువుగా పట్టుకోండి. చేప తన బరువుకి తానే కిందికి జారి కొసకి చేరుతుంది. కొసని అగరోజ్ చుక్కకి తాకిస్తే చేప మాత్రమే దిగుతుంది, నీళ్లు దిగవు. నీళ్లు ఎక్కువ దిగితే అగరోజ్ పలచబడి గట్టిపడదు, రాత్రి మధ్యలో చేప జారిపోతుంది. ఇదంతా గాజు అడుగున్న డిష్‌లో చేయాలి.

ఇక మీ చేతిలో ఉండేది ఒక నిమిషం, మహా అయితే రెండు. పుల్లకి అతికించిన కనురెప్ప వెంట్రుకతో చేపని తిప్పాలి. లోహపు సూది వద్దు, గీసుకుంటుంది. కిందినుంచి చూసే మైక్రోస్కోప్ అయితే మీరు చూడాలనుకునే భాగం గాజుకి ఆనాలి. వెన్నుపాము చూడాలంటే పక్కకి పడుకోబెట్టాలి, మెదడు పైభాగం చూడాలంటే వీపు గాజుకి ఆనేలా తలకిందులుగా తిప్పాలి. అలా తిప్పినప్పుడు పచ్చసొన బరువుకి చేప పక్కకి ఒరిగిపోతూ ఉంటుంది. మీ చేప తిరిగిపోవడానికి కారణం చాలావరకు ఇదే. అగరోజ్ చిక్కబడుతున్నట్టు వెంట్రుకకి తగిలే క్షణం దాకా దాన్ని పట్టే ఉంచాలి. ముందే వదిలేస్తే ఒరుగుతుంది, ఆలస్యం చేస్తే అగరోజ్ చిరుగుతుంది.

పది నిమిషాలు ఆగి, పైన మత్తు కలిపిన నీళ్లు పోయండి. రాత్రంతా చూసేటట్టయితే తోక చుట్టూ ఉన్న అగరోజ్‌ని కోసి తీసేయాలి. ఒకటో రోజుకీ రెండో రోజుకీ మధ్య చేప పొడవు బాగా పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే వెన్ను వంగిపోతుంది.

అగరోజ్‌లో దానికి ఊపిరాడుతుందా?

ఆడుతుంది. మొదటి కొన్ని రోజులు చేప ఆక్సిజన్‌ని చర్మం ద్వారానే తీసుకుంటుంది. అగరోజ్‌లో అధికభాగం నీరే కాబట్టి ఆక్సిజన్ లోపలికి చేరుతుంది. పైన నీళ్లు ఆరిపోకుండా చూసుకుంటే చాలు.

## మైక్రోస్కోప్ దగ్గర

కాన్ఫోకల్, టూ-ఫోటాన్, లైట్ షీట్. దేనికి బుకింగ్ చేసుకోవాలి?

మూడింటికీ తేడా కాంతిని చేపలోకి ఎలా పంపుతాయన్న దగ్గరే ఉంది.

కాన్ఫోకల్ ఆలోచన 1950ల నాటిది. మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. లేజర్ చేప మందమంతా దూసుకుపోతుంది, కానీ ఒక చిన్న రంధ్రం ఫోకస్‌లో ఉన్న పొర కాంతిని మాత్రమే లోపలికి రానిస్తుంది. చిత్రం పదునుగా ఉంటుంది, దాదాపు ప్రతి సంస్థలోనూ దొరుకుతుంది.

టూ-ఫోటాన్‌ని 1990లో కార్నెల్‌లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ చూపించారు. రెండు బలహీనమైన పరారుణ ఫోటాన్లు ఒకేసారి తగిలిన చోటే మెరుపు వస్తుంది, అంటే ఫోకస్ దగ్గర మాత్రమే. లోతుకి పోతుంది, చేప కంటికి ఆ కాంతి పెద్దగా కనపడదు. చూపు మీద ప్రయోగాలకి ఇదే మేలు.

లైట్ షీట్‌ని జీవుల ఇమేజింగ్‌కి ప్రాచుర్యంలోకి తెచ్చింది 2004లో హైడెల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్ పరిశోధన సంస్థ బృందం. పక్కనుంచి పలచటి కాంతి పొరని పంపి, పైనుంచి కెమెరాతో ఆ పొర మొత్తాన్ని ఒకేసారి తీస్తుంది. మీరు చూడని పొరల మీద కాంతి పడదు. 2013లో ఆరెన్స్, కెల్లర్‌లు సుమారు లక్ష న్యూరాన్లున్న లార్వా మెదడులో 80 శాతానికి పైగా న్యూరాన్ల చురుకుదనాన్ని 1.3 సెకన్లకోసారి ఇలాగే చిత్రించారు.

నా సలహా: గంటల తరబడి చూడాలంటే, దొరికితే లైట్ షీట్. ఒక్క సినాప్స్ పదునుగా, కాసేపే చూడాలంటే కాన్ఫోకల్. మీ సంస్థలో ఉన్నది కాన్ఫోకల్ ఒక్కటే అయినా నిరాశ పడొద్దు, ఓపికగా వాడితే మంచి పని వస్తుంది.

హై రిజల్యూషన్ అంటే ఎంత? 63ఎక్స్ లెన్స్ పెడితే సరిపోదా?

ఎక్స్ ముందున్న అంకె బొమ్మని పెద్దది చేస్తుంది, వివరాన్ని పెంచదు. వివరం లెన్స్ ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పోగుచేస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. లెన్స్ మీద రాసి ఉండే న్యూమరికల్ ఎపర్చర్ అదే. 1873లో ఎర్నెస్ట్ అబ్బె చూపించిన హద్దు ప్రకారం మామూలు కాంతితో అడ్డంగా సుమారు 200 నానోమీటర్లు, లోతు దిశలో దానికి రెండు మూడు రెట్లు. రెండు న్యూరాన్ల మధ్య సినాప్స్ సందు 20 నానోమీటర్లే, కాబట్టి ఆ సందు కనపడదు. సినాప్స్ ప్రోటీన్‌కి రంగు కడితే చుక్కగా కనపడుతుంది. ఆ చుక్క పుట్టడం, చెరగడం లెక్కపెట్టొచ్చు.

ఈ హద్దుని దాటినందుకే 2014లో బెట్‌జిగ్, హెల్, మోర్నర్‌లకి నోబెల్ వచ్చింది. కానీ ఆ పద్ధతులు చాలావరకు ఎక్కువ కాంతినో, ఎక్కువ సమయాన్నో కోరతాయి. కదిలే పిండానికి రెండూ కష్టమే.

చేపకి నీళ్లలో ముంచే లెన్స్ వాడండి. నూనె లెన్స్ గాజు దగ్గర అద్భుతంగా ఉంటుంది, కాస్త లోపలికి పోగానే బొమ్మ చెదిరిపోతుంది. చేప నీటి సరుకు, నూనె సరుకు కాదు.

బొమ్మ మసగ్గా ఉంది. లేజర్ పవర్ పెంచొచ్చా?

అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇదే, ఎక్కువ చేపల్ని చంపేదీ ఇదే.

ఒక లెక్క వేద్దాం. ఒక స్టాక్‌కి, అంటే లోతు వెంట వరసగా తీసే బొమ్మల కట్టకి, 60 పొరలు, 5 నిమిషాలకోసారి, 12 గంటలు. అంటే 144 సార్లు, మొత్తం 8,640 స్కాన్‌లు. కాన్ఫోకల్‌లో ఏ పొర తీసినా లేజర్ చేప మందమంతా దాటుతుంది కాబట్టి, ఒకే న్యూరాన్ ఒక రాత్రిలో 8,640 సార్లు లేజర్ దెబ్బ తింటుంది. ఆ కాంతి వల్ల కణంలో హానికరమైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. దీన్నే ఫోటోటాక్సిసిటీ అంటారు. కణం వెంటనే చావదు. ముందు గ్రోత్ కోన్ ముడుచుకుంటుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది, తర్వాత ఆక్సాన్ (న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తంతువు) పూసల దండలా ఉబ్బులుబ్బులుగా అవుతుంది. పూసలు కనపడేసరికి ఆలస్యమైపోయినట్టే. అంతకుముందు వచ్చిన నెమ్మదితనాన్ని చూసి "ఈ జన్యువు పోతే పెరుగుదల తగ్గుతోంది" అని రాసేస్తే, తప్పు లేజర్‌ది, నింద జన్యువుది.

పవర్ ముట్టుకునే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. ఇంకా బాగా వెలిగే చేపని వెతకండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. పొరలు తగ్గించండి. మధ్య విరామం పెంచండి. పిన్‌హోల్, అంటే ఇందాక చెప్పిన చిన్న రంధ్రం, కాస్త తెరవండి. కంటికి నచ్చే బొమ్మ మన లక్ష్యం కాదు, కొలవడానికి చాలిన బొమ్మ కావాలి. కాస్త గరుకుగా ఉన్నా ఆక్సాన్ అంచు తెలిస్తే చాలు.

ఇంకొకటి తప్పకుండా చేయండి. అదే రోజు గుడ్లలో కొన్నిటిని అదే అగరోజ్‌లో, అదే మత్తులో, లేజర్ లేకుండా పక్కన ఉంచండి. తెల్లవారి రెండింటినీ పోల్చండి. వయసు, ఆక్సాన్ పొడవు, గుండె వేగం సమానంగా ఉంటేనే మీ సినిమాని నమ్మండి.

ఎన్ని నిమిషాలకోసారి తీయాలి?

మీరు చూడాలనుకునే కదలికని బట్టి. ఆక్సాన్ గంటకి కొన్ని పదుల మైక్రాన్లు పెరుగుతుంది, దానికి 5 నుంచి 10 నిమిషాల విరామం చాలు. గ్రోత్ కోన్ చాచే సన్నని వేళ్లు చూడాలంటే నిమిషం లేదా అరనిమిషం కావాలి, కానీ అలా గంటకి మించి తీయకండి. ఆక్సాన్ లోపల పరుగెత్తే సరుకు సంచులని చూడాలంటే సెకనుకో ఫ్రేమ్, కొన్ని నిమిషాలే.

గ్రోత్ కోన్ నిజంగా చెయ్యిలా కదులుతుందా? మొదటిసారి ఏం చూడాలి?

ఒక మంచి చోటు చెబుతాను. రెండో రోజున కంటి నుంచి బయల్దేరిన ఆక్సాన్ మెదడు మధ్యగీతని దాటే చోట లెన్స్ పెట్టండి. మొదట ఆక్సాన్ నున్నగా, కొస సన్నగా, చకచకా వస్తుంది. మధ్యగీత దగ్గరికి రాగానే వేగం తగ్గుతుంది. కొస వెడల్పై, చుట్టూ వేళ్లు మొలుస్తాయి. ఒక వేలు ముందుకి సాగి, దేన్నో తాకి, రెండు మూడు నిమిషాల్లో వెనక్కి వస్తుంది. పక్కన ఇంకొకటి సాగుతుంది. చీకట్లో గోడ తడుముతూ స్విచ్ వెతికే చెయ్యి గుర్తొస్తుంది. ఒక్కోసారి చాలాసేపు అక్కడే తచ్చాడుతుంది. తర్వాత ఒక వేలు వెనక్కి రాకుండా లావెక్కుతుంది, మిగతా అంతా దానిలోకి పారినట్టుగా అటు మళ్లుతుంది. దారి తేలిపోయింది. మళ్లీ కొస సన్నబడి వేగం అందుకుంటుంది. మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి లేవలేదు.

## రాత్రంతా

తెల్లారేసరికి చేప ఫ్రేమ్‌లో లేదు. ఏం జరిగింది?

మూడు కారణాల్లో ఒకటి. డిష్ పెట్టిన వెంటనే రికార్డింగ్ మొదలుపెట్టి ఉంటారు. 28.5 డిగ్రీలకి అంతా సర్దుకోవడానికి అరగంట పైనే పడుతుంది, ఆలోగా ఫోకస్ జారుతుంది. లేదా గదిలో ఏసీ రాత్రి మారి ఉంటుంది. లేదా చేప పెరిగింది. పిండం పెరుగుతూ మెదడు కూడా స్థానం మారుతుంది, అది తప్పు కాదు, జీవం. పైనా కిందా పది పదిహేను మైక్రాన్లు అదనంగా వదిలి స్టాక్ పెట్టుకోండి. మొదటి గంట అక్కడే కూర్చుని చూడండి. రాత్రంతా ఇంట్లో టెన్షన్ పడేకన్నా ఆ గంట నయం.

## డేటా

ఎంత జాగా కావాలి?

1024 చదరపు, 16 బిట్ బొమ్మ ఒక్కటి 2 ఎంబీ. 60 పొరలకి 120 ఎంబీ. 144 సార్లకి సుమారు 17 జీబీ, రెండు రంగులైతే 34. ఇది కాన్ఫోకల్ లెక్క, లైట్ షీట్ అయితే టెరాబైట్లలోకి పోతుంది. పెన్‌డ్రైవ్ మీద ఆధారపడకండి. మైక్రోస్కోప్ ఇచ్చిన అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, కాపీ మీదే పని చేయండి.

సినిమా అందంగా వచ్చింది. ఇక పేపర్ రాసేయొచ్చా?

ఒక చేపలో ఒక న్యూరాన్ ఒక ఉదాహరణ మాత్రమే. ఒకే చేపలో పది న్యూరాన్లు చూసినా అవి పది చేపలతో సమానం కాదు, ఆ చేపకున్న ప్రత్యేకత పదింటిలోనూ ఉంటుంది. వేర్వేరు రోజుల గుడ్ల నుంచి చేపలు తీసుకోండి. కొలిచే వ్యక్తికి ఏది మామూలు చేపో, ఏది మార్పు చేసిన చేపో తెలియకూడదు.

బొమ్మల్ని కొలిచే ఫిజీ సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదలుపెట్టడానికి అదే చాలు. అన్ని పొరల్నీ ఒకే బొమ్మగా చదును చేసినప్పుడు జాగ్రత్త. ఒకదాని మీదుగా ఇంకోటి, లోతులో తేడాతో పోయే రెండు ఆక్సాన్లు ఆ చదును బొమ్మలో తాకుతున్నట్టు కనపడతాయి. తాకాయని రాసేముందు పక్కకి తిప్పి చూడండి.

ఇన్నేళ్లు చూసి ఏం తెలుసుకున్నారు? మనుషులకి ఉపయోగమేంటి?

రెండు ఉదాహరణలు చెబుతాను. 2008లో పెరి, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ జీబ్రాఫిష్ మెదడులో మైక్రోగ్లియా కణాలు చచ్చిన న్యూరాన్లని మింగి జీర్ణం చేసుకోవడాన్ని ప్రత్యక్షంగా చూపించారు. 2013లో ఎడిన్‌బరో బృందం ఆక్సాన్లకి మైలిన్ తొడుగు వేసే ఒలిగోడెండ్రోసైట్‌ని వెంబడించింది. ఒక్కో కణం తన తొడుగులన్నీ దాదాపు 5 గంటల వ్యవధిలోనే మొదలుపెట్టేస్తుందనీ, ఆ తర్వాత కొత్తవి వేయదనీ తేలింది. మైలిన్ ఊడిపోయే మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బులో ఉన్న కణాల్ని ప్రోత్సహించాలా, కొత్త కణాల్ని పుట్టించాలా అన్న ప్రశ్నకి ఈ 5 గంటల సంగతి ఎంతో ముఖ్యం. చేపలో చూసింది నేరుగా మందు అయిపోదు, కానీ మందు కోసం ఎక్కడ వెతకాలో చెబుతుంది.

ఇమేజింగ్ అయ్యాక చేపని ఏం చేయాలి?

వెంటనే పారేయకండి. పట్టకారుతో అగరోజ్‌ని చేప పొడవునా మెల్లగా చీల్చి, దాన్ని మత్తులేని కొత్త నీళ్లలోకి వదలండి. కొన్ని నిమిషాల్లో మత్తు దిగుతుంది. అప్పుడు వెంట్రుక కొసతో తోకని ఒక్కసారి తాకండి. చేప ఆరోగ్యంగా ఉంటే, మీరు వెంట్రుక తీసేలోపే డిష్ అవతలి అంచుకి దూసుకుపోతుంది. నోట్‌బుక్‌లో ఆ రోజు చివరి వరుసగా అది రాసుకోండి.